పట్టా చేతికందేలోపు

అమెరికా పశ్చిమాన ఉన్న మోంటానా, వయోమింగ్ రాష్ట్రాలలో ఇరవయ్యవ శతాబ్దపు ఆరంభంలో మనుషులకన్నా గొర్రెలే ఎన్నో రెట్లు ఎక్కువగా ఉండేవి. ఒక్క మోంటానాలోనే అప్పట్లో దాదాపు 60 లక్షల గొర్రెలు మేసేవి. ఇప్పుడు అక్కడ వాటి సంఖ్య రెండు లక్షల దరిదాపుల్లో ఉంది. దేశం మొత్తం మీద చూసినా, 1942లో 5 కోట్ల 60 లక్షలకు చేరిన గొర్రెలు నేడు 50 లక్షలకు కాస్త అటూ ఇటూగా మిగిలాయి. మందలు పోవడంతో, వాటిని నమ్ముకుని సాగిన బ్రతుకుతీరు కూడా పోయింది. ఒకనాడు కాపరి ఏడాది పొడవునా కాపురమున్న గుడ్డకప్పు బండ్లకు ఈనాడు రంగులు వేసి, విహారానికి వచ్చేవారికి గదులుగా అద్దెకిస్తున్నారు. ఉన్ని మూటలను రైలుకెక్కించిన స్టేషన్లు అనేకం మూతపడ్డాయి.

ఆ కాలంలో అక్కడ స్థిరపడిన కుటుంబాల వారసుల వద్ద తరచుగా మిగిలేవి ఒక పాత ఫొటో, ఒక వాక్యం మాత్రమే: ఫలానా ముత్తాత భూమి తీసుకున్నాడు, గొర్రెలు కాచాడు, చిన్న వయసులోనే పోయాడు. జ్వరమనో, మంచు తుఫాననో, గుర్రం పడదోసిందనో ఒక కారణం కూడా ఆ వాక్యానికి జతపడి ఉంటుంది గాని, ఆ కారణం అతడిని ఎందుకు అంత సులువుగా పట్టుకోగలిగిందో, అతడు పోయిన మర్నాడు ఆ ఇల్లు, ఆ మంద ఏమయ్యాయో చెప్పగలవారు ఇప్పుడు అరుదు. ఆ మరణాన్ని అర్థం చేసుకోవాలంటే ముందు అతడి పనిని అర్థం చేసుకోవాలి. పని ఏ నెలలో ఎలా నడిచేదో తెలియనివారికి మరణం కేవలం దురదృష్టంగానే కనిపిస్తుంది.

భూమి

1862 మే 20న అధ్యక్షుడు అబ్రహాం లింకన్ సంతకం చేసిన హోమ్‌స్టెడ్ చట్టం ఈ కథకంతటికీ మూలం. ఇరవై ఒక్క ఏళ్ళు నిండినవారు గాని, కుటుంబ పెద్ద గాని, అమెరికా పౌరులైనా, పౌరసత్వం తీసుకుంటామని ప్రమాణ పత్రం ఇచ్చినవారైనా, 160 ఎకరాల ప్రభుత్వ భూమిని దరఖాస్తు చేసుకుని, దానిపై ఇల్లు కట్టుకుని, ఐదేళ్ళు నివసించి, సాగు చేసినట్టు నిరూపిస్తే, 18 డాలర్ల రుసుములతో ఆ భూమి వారి సొంతమయ్యేది. ఇలా భూమి తీసుకున్నవారిని హోమ్‌స్టెడర్లు అన్నారు. గడువు పూర్తయ్యాక ప్రభుత్వం ఇచ్చే హక్కు పత్రమే పట్టా. ఈ చట్టం, దాని సవరణల కింద దేశంలో దాదాపు 16 లక్షల పట్టాలు జారీ కాగా, వాటిలో లక్షన్నరకు పైగా మోంటానావే.

అయితే ఏడాదికి పదిహేను అంగుళాల వాన కూడా సరిగా పడని ఆ నేలలో 160 ఎకరాలు ఒక కుటుంబానికి చాలేవి కావు. కాంగ్రెస్ ఆ సంగతిని ఆలస్యంగా గుర్తించి, 1909లో మెట్టభూముల పరిమితిని 320 ఎకరాలకు పెంచింది. 1912లో నివాస గడువును ఐదేళ్ళ నుంచి మూడేళ్ళకు తగ్గించి, ఏటా ఐదు నెలలు భూమికి దూరంగా ఉండటానికి అనుమతించింది. 1916లో పశుపోషణ కోసమే 640 ఎకరాలు, అంటే ఒక చదరపు మైలు, ఇచ్చే చట్టం చేసింది. చివరిదానిలో ఒక మెలిక ఉంది: నేల పైభాగం రైతుది, కిందనున్న బొగ్గు, ఇతర ఖనిజాలు ప్రభుత్వానివి. ముత్తాత చెమటతో వచ్చిన పొలంలో పరాయి కంపెనీ తవ్వకాలకు దిగినప్పుడు నేటి వారసులలో కొందరికి ఈ మెలిక తెలిసివస్తుంటుంది.

ఈ భూమి ఎవరూ లేని భూమి కాదు. బ్లాక్‌ఫీట్, క్రో, ఉత్తర షాయెన్ వంటి ఆదివాసీ జాతులు తరతరాలుగా వేటాడిన, వలసవెళ్ళిన నేల అది. ఒప్పందాల పేరుతోనూ, ఆ ఒప్పందాలను మీరి కూడా ప్రభుత్వం దానిని స్వాధీనం చేసుకుంది; 1887 నాటి డాస్ చట్టం తరువాత, ఆదివాసులకు మిగిలిన రక్షిత ప్రాంతాలను కూడా ముక్కలు చేసి, "మిగులు" అని పేరుపెట్టిన భాగాలను కొత్తవారికి తెరిచింది. యువ హోమ్‌స్టెడర్ అకాల మరణాన్ని తలచుకునే కుటుంబ చరిత్ర ఏదైనా, అతడు తీసుకున్న భూమి ఎవరి చేతుల్లో నుంచి వచ్చిందో కూడా చెప్పితేనే నిజాయితీగా ఉంటుంది. అప్పటి వారసుల జ్ఞాపకాలు చాలావరకు ఈ విషయాన్ని దాటవేశాయి.

పెట్టుబడి లేని యువకుడు గొర్రెలవైపు మొగ్గడానికి బలమైన కారణాలు ఉన్నాయి. పశువును అమ్మకానికి పెంచడానికి రెండు మూడేళ్ళు ఆగాలి. గొర్రె మాత్రం వసంతంలో ఉన్ని, శరత్తులో పిల్ల, ఇలా ఏటా రెండు రాబడులు ఇస్తుంది. అసలు డబ్బే లేనివాడు మందను పాలుకు తీసుకునేవాడు. అంటే, పెద్ద ఆసామి తన గొర్రెలను అప్పగిస్తే, కాపరి వాటిని పోషించి, ఏటా వచ్చే ఉన్నిలోనూ పిల్లలలోనూ తన వాటా, సాధారణంగా సగం, ఉంచుకుని, కొన్నేళ్ళకు ఆ వాటా పిల్లలతోనే సొంత మందను కట్టుకునేవాడు. భూమిని కూడా వీరు పంట కోసం ఎంచుకోలేదు. ఊట గాని, వాగు గాని ఉన్న ముక్కను హోమ్‌స్టెడ్‌గా తీసుకుంటే, చుట్టూ మైళ్ళ కొద్దీ ఉన్న బంజరు ప్రభుత్వానిదైనా, నీళ్ళు లేక మరెవరూ దానిని వాడుకోలేరు గనుక, అది ఇతడి మేతబీడుగానే ఉండేది. కాగితం మీది 160 ఎకరాలు నీటి కోసం. మంద బ్రతికింది కాగితం బయటి నేలమీద.

ఏడాది చుట్టూ

గొర్రెకు చూలు ఐదు నెలలు గనుక, పిల్లలు పుట్టవలసిన కాలాన్ని బట్టి పొట్టేళ్ళను మందలోకి వదిలే రోజును నిర్ణయించేవారు. నవంబరు, డిసెంబరు నెలలలో వదిలితే ఏప్రిల్, మే నెలలలో, కొత్త గడ్డి మొలిచే వేళకు, ఈతలు మొదలయ్యేవి. ఏడాది మొత్తంలో ఇంటిల్లిపాదీ నిద్రపోని కాలం అదే. రాత్రివేళ లాంతరు పట్టుకుని, ఈనబోయే గొర్రెలను వెతుకుతూ, పుట్టిన పిల్లను గోనెగుడ్డతో తుడిచి, తల్లితో కలిపి ఒక చిన్న దడికి చేర్చేవారు. మందలో వందలాది గొర్రెలు ఒకేసారి ఈనుతాయి గనుక, ఏ పిల్ల ఏ తల్లిదో చెదిరిపోకుండా తొలి రోజో, రెండు రోజులో వాటిని ఇలా విడిగా ఉంచడం తప్పనిసరి. తల్లి తన పిల్లను గుర్తుపట్టేది వాసనతోనే. అందువల్ల పిల్ల చచ్చిన తల్లికి, తల్లి చచ్చిన పిల్లను అంటగట్టడానికి ఒక ఉపాయం ఉండేది: చచ్చిన పిల్ల తోలును వలిచి, బ్రతికిన అనాథ పిల్లకు కాళ్ళదగ్గర రంధ్రాలు చేసి చొక్కాలా తొడిగేవారు. తల్లి వాసన చూసి, తన పిల్లే అనుకుని పాలిచ్చేది. రెండు మూడు రోజులలో తన పాల వాసనే పిల్ల ఒంటికి అలవాటయ్యాక, ఆ తోలును తీసేసేవారు. ఏ తల్లీ చేరనివ్వని పిల్లలు వంటింటి పొయ్యి పక్కన పెట్టెలో పెరిగేవి. వాటికి సీసాతో పాలు పట్టడం ఇంట్లోని పిల్లల పని.

ఆ తరువాత తోకలు కోయడం, చెవులకు గాట్లు పెట్టడం, పొట్టేలు పిల్లలకు విత్తులు తీయడం. మే, జూన్ నెలలలో ఉన్ని కత్తిరింపు. కత్తిరించేవారు ముఠాలుగా తిరిగేవారు. దక్షిణాన మొదలుపెట్టి, వెచ్చదనం ఉత్తరానికి జరిగే కొద్దీ తాము కూడా జరుగుతూ, ఒక రాంచ్ నుంచి మరో రాంచ్‌కు వచ్చేవారు. రాంచ్ అంటే పశువులనో గొర్రెలనో పెంచే పెద్ద కమతం. గొర్రెను కూర్చోబెట్టి, మోకాళ్ళ మధ్య అదిమి, పొట్ట దగ్గర మొదలుపెట్టి, ఉన్నిని ఒక్క దుప్పటిలా విడదీయడం వారి నేర్పు. చేతికత్తెరతో పనిచేసే నిపుణుడు రోజుకు వంద గొర్రెల దాకా కత్తిరించేవాడు. కత్తెర రెక్కలు కలిసినప్పుడల్లా వచ్చే టకటక శబ్దం, గొర్రెల అరుపులు, లెక్క రాసేవాడి కేకలు కలిసి ఆ కొట్టం మోగిపోయేది. ఉన్నిలోని జిడ్డు వల్ల, అంత మొరటు పని చేసేవారి అరచేతులు మాత్రం వింతగా మెత్తగా ఉండేవి. తరువాత యంత్రపు కత్తెరలు వచ్చాయి.

కత్తిరించిన ఉన్నిని ఆరేడు అడుగుల పొడవైన గోనె సంచిలో నింపేవారు. ఎత్తైన చట్రానికి సంచిని వేలాడదీసి, లోపలికి ఒక కుర్రవాడిని దింపి, పైనుంచి ఉన్ని వేస్తుంటే, అతడు కాళ్ళతో తొక్కుతూ, సంచి నిండే కొద్దీ పైకి తేలేవాడు. దాదాపు నలభై గొర్రెల ఉన్ని పట్టే ఆ సంచి 300 పౌన్ల దాకా తూగేది. ఉక్క, దుమ్ము, జిడ్డు మాత్రమే కాక, ఉన్నిలో దాగిన పిడుదులు కూడా ఆ కుర్రవాడి ఒంటిమీదికి ఎక్కేవి.

కత్తిరింపు తరువాత మందకు రంగుతో రాంచ్ గుర్తు వేసి, కొండలలోని వేసవి మేతకు తోలేవారు. సెప్టెంబరుకు తిరిగి దించి, పిల్లలను రైలుకెక్కించి అమ్మి, చలికాలపు మేతకు మళ్ళీ మైదానాలకు చేరేవారు. ఏడాదిలో ఇంటి కప్పు కింద కాపరి గడిపిన రాత్రులు కొన్నే.

బండిలో బ్రతుకు

ఒక మందలో రెండువేల గొర్రెల దాకా ఉంటే, వాటికి ఒక మనిషి, రెండు కుక్కలు, ఒక బండి. ఆ బండికి ఇప్పటి రూపం వయోమింగ్‌లోని రాలిన్స్ పట్టణపు కమ్మరి జేమ్స్ కాండ్లిష్ 1884లో ఇచ్చాడని చెబుతారు. వంచిన చెక్క కమ్మీల మీద మందపాటి కిత్తాను గుడ్డ కప్పు. ముందు భాగంలో రెండు ముక్కల తలుపు, పైముక్క తెరిచి కింది ముక్క మూసుకోవచ్చు. తలుపు పక్కనే ఇనుప పొయ్యి. వెనుక అడ్డంగా మంచం, మంచం కిందినుంచి లాగితే బయటికొచ్చే బల్ల. రెండు పక్కలా కూర్చోవడానికి, సామాను దాచడానికి పెట్టెలు. పది పన్నెండు అడుగుల జాగాలో ఒక మనిషి పొయ్యి దగ్గరనుంచి లేవకుండానే వండుకుని, తిని, తలుపు పైభాగం నుంచి మందను చూడగలిగేలా అమర్చిన ఆ బండిని మించిన పొందికైన ఇల్లు ఆ మైదానాలలో మరొకటి ఉండేది కాదు.

కొన్ని రోజులకొకసారి రాంచ్ నుంచి ఒకడు వచ్చి బండిని కొత్త మేతకు మార్చి, పిండి, చిక్కుడు గింజలు, కాఫీ, ఎండబెట్టిన పండ్లు, పాత వార్తాపత్రికలు ఇచ్చి వెళ్ళేవాడు. పులిసిన పిండి జాడీని చలికాలంలో గడ్డకట్టకుండా కాపరి తన పక్కలో పెట్టుకుని పడుకునేవాడు. సాయంత్రం మందను మిట్టమీద పడుకోబెట్టాక లెక్క చూసుకోవాలి. రెండువేల గొర్రెలను రోజూ లెక్కపెట్టడం అసాధ్యం గనుక, తెల్లగొర్రెలలో నూటికి ఒకటి చొప్పున నల్లగొర్రెలను కలిపేవారు. నల్లవి అన్నీ ఉంటే మంద చెదరలేదని, ఒకటి తగ్గినా ఒక గుంపు తప్పిపోయిందని లెక్క. మెడకు గంట కట్టిన, విత్తులు కొట్టిన పొట్టేళ్ళు మందకు దారి చూపేవి. గంట చప్పుడు తీరును బట్టే, చీకటిలో మంద నెమరు వేస్తోందో, బెదిరి లేచిందో కాపరికి తెలిసిపోయేది.

పగలంతా తీరిక, మాట్లాడేవారు లేరు. ఆ తీరికలో కాపరులు కొండకొమ్ములమీద రాళ్ళను ఒకదానిమీద ఒకటి పేర్చి మనిషెత్తు స్తంభాలు కట్టారు. అవి దారిగుర్తులుగానూ పనికొచ్చాయి. మోంటానా, వయోమింగ్ కొండలపై వాటిలో కొన్ని ఇప్పటికీ నిలిచి ఉన్నాయి.

మరణాలు

ఈ ఏడాది చక్రం తెలిశాక, మరణాలు ఎక్కడ పొంచి ఉండేవో కనిపిస్తుంది. మంచు తుఫాను వచ్చినప్పుడు గొర్రెలు గాలికి ఎదురు నిలవవు. గాలి తోసిన దిక్కుకే కదిలిపోయి, లోయలోనో గట్టు అంచునో ఒకదానిమీద ఒకటి పడి ఊపిరాడక చస్తాయి. మందను వదిలి బండిలో పొయ్యి దగ్గర కూర్చుంటే కాపరి బ్రతుకుతాడు. కాని ఆ మంద పాలుకు తెచ్చుకున్నదైతే, అది చస్తే అతడి నాలుగైదేళ్ళ శ్రమతోపాటు అప్పు కూడా మీద పడుతుంది. మందతోపాటు నడిచినవారిలో కొందరు వసంతంలో మంచు కరిగాక దొరికారు. చలికాలపు తుఫానుకన్నా ప్రమాదకరమైనది కత్తిరింపు తరువాత వచ్చే చలివాన. ఉన్ని లేని గొర్రెలకు జూన్ నెల చలి కూడా చాలు.

రెండో మరణం పిడుదుల ద్వారా వచ్చేది. పశ్చిమ మోంటానాలోని బిటర్‌రూట్ లోయలో "మచ్చల జ్వరం" అని జనం భయంతో చెప్పుకున్న రోగం సోకితే, తీవ్రమైన తలనొప్పి, జ్వరం వచ్చి, మణికట్టు, చీలమండల దగ్గర మొదలైన ఎర్రని మచ్చలు ఒళ్ళంతా పాకేవి. ఆ లోయలో రోగం సోకిన పదిమందిలో ఏడెనిమిది మంది, తరచు రెండో వారంలోపే, మరణించేవారు. దాన్ని అడవి పిడుదు మోస్తుందని 1906లో హోవర్డ్ రికెట్స్ అనే యువ శాస్త్రవేత్త గినీ పందుల మీద ప్రయోగాలతో నిరూపించాడు. ఆయన ఆ తరువాత నాలుగేళ్ళకే మెక్సికో నగరంలో, టైఫస్ జ్వరాన్ని పరిశోధిస్తూ, అదే జ్వరంతో కన్నుమూశాడు. పిడుదులు మనుషులను పట్టే కాలం మార్చి నుంచి జూలై మధ్య దాకా. ఈతలు, తోకల కోత, కత్తిరింపు, అన్నీ ఆ నెలలలోనే. గొర్రె ఒంటిని చేతులతో తడమకుండా గడవని కాలమే పిడుదు కాలం కూడా అయినందువల్ల, ఈ మరణాన్ని దురదృష్టం అనడంకన్నా పనిలో భాగం అనడం సరైనది. హామిల్టన్ పట్టణంలోని ప్రయోగశాలలో రోస్కో స్పెన్సర్, రాల్ఫ్ పార్కర్ పిడుదులనే నూరి టీకా తయారుచేసి, గొర్రెలకాపరుల వంటివారికి వేయించారు. ఆ ప్రయోగాలలో పనిచేసినవారు కొందరు అదే జ్వరానికి బలయ్యారు. నమ్మదగిన మందు 1940ల చివర్లో గాని రాలేదు.

1918 చివర్లో ఇన్‌ఫ్లుయెంజా వచ్చినప్పుడు మోంటానాలో దాదాపు 5,000 మంది, అంటే నూటికి ఒకరి దరిదాపుల్లో, మరణించారు. మామూలు జలుబు జ్వరాలు పసివారిని, ముసలివారిని తీసుకుపోతే, ఇది ఇరవై నుంచి నలభై ఏళ్ళవారిని ఎంచుకుంది. వైద్యుడు ముప్పై నలభై మైళ్ళ దూరంలో ఉన్న చోట, ఒంటరి గుడిసెలో భార్యాభర్తలిద్దరూ ఒకేసారి పడకేస్తే, పొయ్యిలో నిప్పు వేసేవారు, పశువులకు నీళ్ళు పెట్టేవారు ఉండరు. కడుపులో ఉండుకం పగిలినా, గుర్రం కాలు తప్పినా, పట్టణంలో బ్రతికే మనిషి అక్కడ దూరం వల్లనే మరణించేవాడు.

కొన్ని మరణాలు మనుషుల చేతిలో జరిగాయి. గొర్రెలు గడ్డిని వేళ్ళదాకా కొరుకుతాయని, వాటి వాసన తగిలిన నీటిని పశువులు ముట్టవని నమ్మిన పశువుల ఆసాములు, గొర్రెలు దాటకూడదని బంజరులో గీతలు గీశారు. 1909 ఏప్రిల్ 2 రాత్రి, వయోమింగ్‌లోని టెన్ స్లీప్ పట్టణం సమీపాన స్ప్రింగ్ క్రీక్ దగ్గర ముసుగులు వేసుకున్న దుండగులు ఒక గొర్రెల విడిదిపై దాడిచేసి, జో అలమాండ్, జో ఎమ్గె, జూల్స్ లజీర్ అనే ముగ్గురిని చంపి, బండ్లను తగలబెట్టారు. ఎమ్గె అంతకుముందు పశువుల ఆసామిగా ఉండి గొర్రెలకు మారినవాడు. అలమాండ్ భార్యాపిల్లలను వదిలిపోయాడు. ఏడుగురు అరెస్టు కాగా, ఇద్దరు నేరం ఒప్పుకుని సాక్ష్యమిచ్చారు, ఐదుగురు జైలుకు వెళ్ళారు. పశువుల ఆసాములకు అక్కడి జ్యూరీలు శిక్ష వేయవన్న ధీమా ఆ తీర్పుతో పోయింది.

మిగిలినవారు

హోమ్‌స్టెడ్ చట్టంలో చాలామంది గమనించని ఒక వెసులుబాటు ఉంది. దరఖాస్తుదారు గడువు పూర్తికాకుండా చనిపోతే, అతడి భార్య గాని, ఆమె లేకపోతే వారసులు గాని, మిగిలిన షరతులు నెరవేర్చి, తమ పేరున పట్టా పొందవచ్చు. పెళ్ళైన స్త్రీ, భర్త ఉండగా సొంతంగా దరఖాస్తు చేసుకోలేని ఆ చట్టంలో, వైధవ్యం ఆమెకు భూమి హక్కును తెచ్చిపెట్టింది. ముప్పై ఏళ్ళు నిండకుండానే వితంతువులైన తల్లుల ముందు ఉన్న దారులు మూడు: పుట్టింటికి పోవడం, మళ్ళీ పెళ్ళిచేసుకోవడం, లేదా మిగిలిన ఏళ్ళు అక్కడే ఉండి పట్టా సాధించడం. చంకన పిల్లలతో మూడో దారి పట్టిన స్త్రీలు ఎందరో. కుటుంబ కథలలో "చిన్నవయసులో పోయిన" పురుషుడే నాయకుడిగా ఉంటాడు గాని, ఆ భూమి కుటుంబంలో నిలిచిన చోట దాన్ని నిలబెట్టింది తరచు అతడి భార్య.

ఈ చరిత్రను తవ్వాలంటే కాగితాలు ఉన్నాయి. గడువు పూర్తయిందని రుజువు చేసుకోవడానికి, నలుగురు సాక్షుల పేర్లతో స్థానిక పత్రికలో ప్రకటన వేయించి, వారిలో ఇద్దరిచేత భూమి కార్యాలయంలో వాంగ్మూలం ఇప్పించాలి. ఇల్లు ఎంత పొడవు, వెడల్పు, ఎన్ని కిటికీలు, ఎన్ని ఎకరాలు దున్నారు, కంచె ఎంత వేశారు, బావి ఉందా, ఎంతకాలం ఊళ్ళో లేరు, ఎందుకు లేరు, అనే ప్రశ్నలకు జవాబులు ఆ పత్రాలలో ఉంటాయి. అవి వాషింగ్టన్‌లోని జాతీయ అభిలేఖాగారంలో భద్రంగా ఉన్నాయి. గొర్రెల సంగతి మాత్రం వాటిలో పెద్దగా కనిపించదు. దానికోసం కౌంటీ పన్నుల పట్టీలను, వారసత్వ కోర్టు తయారుచేయించిన ఆస్తుల జాబితాలను చూడాలి. చనిపోయినవాడి పొయ్యి, జీను, కత్తెరలు, పొట్టేళ్ళు, చూలు గొర్రెలు ఒక్కొక్కటిగా వెలకట్టి రాసిన ఆ జాబితాలో, మరణం ఏప్రిల్‌లో జరిగితే చూలు గొర్రెల వరుస పొడవుగా ఉంటుంది, అక్టోబరులో జరిగితే పిల్లలు అప్పటికే అమ్ముడైపోయి ఉంటాయి. అప్పులవాళ్ళకు ఎంత పోయింది, భార్యకు ఎంత మిగిలింది అన్నది ఆ నెలమీదే ఆధారపడేది.

కాగితాలలో ఒక పెద్ద ఖాళీ కూడా ఉంది. 1890 జనాభా లెక్కల పత్రాలు 1921లో వాషింగ్టన్‌లో జరిగిన అగ్నిప్రమాదంలో పాడై, ఆపై దాదాపు పూర్తిగా నాశనమయ్యాయి. 1880 తరువాత పశ్చిమానికి వచ్చి 1900లోపు పోయిన యువకుడు ఏ జనాభా లెక్కలోనూ అక్కడివాడుగా కనిపించడు.

ఇలాంటి కుటుంబాన్ని లోపలినుంచి చూపిన రచనలలో ఐవన్ డోయిగ్ జ్ఞాపకాల గ్రంథం "దిస్ హౌస్ ఆఫ్ స్కై" (1978) ముఖ్యమైనది. ఆయన తాత పీటర్ డోయిగ్ స్కాట్లాండ్ నుంచి వచ్చి మోంటానాలోని బిగ్ బెల్ట్ కొండలలో హోమ్‌స్టెడ్ తీసుకుని, పిల్లలు ఎదగకముందే మరణించగా, భార్య ఆనీ, పిల్లలు ఆ కొండల్లోనే నెగ్గుకొచ్చారు. తరువాతి తరంలో మరణం తల్లి వైపు వచ్చింది. ఐవన్ తల్లి బెర్నెటా చిన్ననాటినుంచి ఉబ్బసంతో బాధపడుతూ, 1945 జూన్ 27న, కొడుకు ఆరో పుట్టినరోజున, బ్రిడ్జర్ కొండలలోని వేసవి గొర్రెల విడిదిలో, 31 ఏళ్ళ వయసులో కన్నుమూసింది. ఆ కుటుంబం కొండమీదికి వెళ్ళింది మంద కోసమే. వైద్యానికి దూరం చేసింది కూడా ఆ మందే. యుద్ధనౌకలో పనిచేస్తున్న తమ్ముడికి ఆమె రాసిన ఉత్తరాలు, అతడి మరణం తరువాత కొడుకు చేతికి వచ్చి, 1993లో "హార్ట్ ఎర్త్" అనే పుస్తకానికి ఆధారమయ్యాయి. ఉత్తరం రాయగల చేయి, దాన్ని దాచగల చేయి రెండూ ఉండటం ఎంత అరుదో, మిగతా కుటుంబాల మౌనాన్ని చూస్తే తెలుస్తుంది.

కుటుంబమే లేనివారి సంగతి మరీ దయనీయం. స్పెయిన్, ఫ్రాన్స్ సరిహద్దు కొండలనుంచి వచ్చిన బాస్క్ యువకులు పెళ్ళి లేకుండా, ఇంగ్లీషు రాకుండా ఏళ్ళ తరబడి ఒంటరిగా గొర్రెలు కాచారు. నెవడా, ఐడహో, కాలిఫోర్నియా కొండలలోని ఆస్పెన్ చెట్ల తెల్లని బెరడు మీద వారు తమ పేరు, ఊరు, సంవత్సరం, కొన్నిచోట్ల ఒక ఇంటి బొమ్మ చెక్కారు. ఆస్పెన్ నూరేళ్ళకు మించి బ్రతకడం అరుదు గనుక, పరిశోధకులు వాటిని ఫొటోలు తీసి భద్రపరిచేలోపే ఎన్నో చెట్లు కూలిపోతున్నాయి.

తెరపడిన తీరు

1917లో మొదలైన కరువు మోంటానా హోమ్‌స్టెడర్ల నడుము విరిచింది. 1920ల మధ్యకల్లా రాష్ట్రంలోని బ్యాంకులలో దాదాపు సగం మూతపడ్డాయి, ఆ దశాబ్దంలో దేశం మొత్తంలో జనాభా తగ్గిన రాష్ట్రం మోంటానా ఒక్కటే. 1934లో వచ్చిన టేలర్ మేత చట్టం బంజరులో ఎవరు, ఎన్ని గొర్రెలను, ఎంతకాలం మేపవచ్చో అనుమతి పత్రాలతో నిర్ణయించి, కాగితం బయటి నేలమీద బ్రతికే పద్ధతికి ముగింపు పలికింది. రెండో ప్రపంచ యుద్ధం తరువాత కృత్రిమ నూలు ఉన్నిని సంతలో దెబ్బతీసింది, కాపరిగా ఉండటానికి యువకులు దొరకలేదు.

ఈ మార్పులో మేలు చిన్నది కాదు. మేత నియంత్రణతో, అప్పటికే బీడువారిన కొండలు కొంతవరకు కోలుకున్నాయి. మచ్చల జ్వరానికి మందు వచ్చింది, రోడ్డు వచ్చింది, ముప్పై మైళ్ళ దూరం అరగంట ప్రయాణమైంది. ముప్పై ఏళ్ళలోపు వితంతువైన తల్లి ఆ జిల్లాలలో ఇప్పుడు అరుదు. పోయినదాన్ని ఆ మేలుతో తూచడం కష్టం గాని, గంట చప్పుడు విని మంద మనసు చెప్పగల నేర్పు, చచ్చిన పిల్ల తోలుతో బ్రతికిన పిల్లకు తల్లిని సంపాదించే ఓర్పు, ఏమీ లేనివాడు పాలుకు తీసుకున్న మందతో ఐదారేళ్ళలో సొంత కాళ్ళమీద నిలబడే అవకాశం, ఈ మూడింటిలో చివరిదే పెద్ద నష్టం. మొదటి రెండు అక్కడక్కడ మిగిలాయి. నేడు వయోమింగ్, ఐడహో కొండలలో మందలను కాచేవారిలో ఎక్కువమంది పెరూ దేశపు ఎత్తైన ఆండీస్ పల్లెల నుంచి తాత్కాలిక వీసాలపై వచ్చినవారు. బండ్లకు రబ్బరు చక్రాలు వచ్చాయి, కొన్నింటిమీద సౌర ఫలకాలు ఉన్నాయి. నల్లగొర్రెలతో లెక్క చూడటం మారలేదు. వారి ఒప్పందం గరిష్ఠంగా మూడేళ్ళు, అంటే 1912 చట్టం హోమ్‌స్టెడర్‌కు పెట్టిన గడువంత. అది ముగిశాక వారికి భూమి గాని, మందలో పాలు గాని రాదు, కూడబెట్టిన జీతంతో పెరూకు తిరిగివెళ్ళి, వీలైతే మరో ఒప్పందం మీద మళ్ళీ వస్తారు.